వచ్చే చలి, పోయే చలి

బదిలీ ఉత్తరువు చేతికందిన ఉద్యోగికి హితబోధ చేయనివారుండరు. 1996 వేసవిలో మా ఇద్దరికీ ఒకేసారి హైదరాబాదు నుండి ఢిల్లీకి బదిలీ అయింది. ఒకే సంస్థలో పనిచేసే భార్యాభర్తలం కనుక ఉత్తరువులు రెండే అయినా హితబోధలు మాత్రం లెక్కకు మించి వచ్చాయి. స్టోర్సు విభాగంలోని మిత్రులొకరు డిసెంబరు పొగమంచులో ఎదుటి మనిషి కనబడడన్నారు. మరొకరు జనవరిలో కుళాయి నీరు తాకితే వేళ్లు కొంకర్లు పోతాయని చెప్పి, తాము ఉత్తరాదిన వాడిన ఓవర్‌కోటును ఇస్త్రీ చేయించి మరీ తెచ్చిచ్చారు. ఆ కోటును మోయడం కంటె మా మూడేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకోవడమే సుఖంగా ఉండేది. అందరూ డిసెంబరును గురించీ జనవరిని గురించీ చెప్పినవారే. అక్టోబరును గురించి ఒక్కరూ చెప్పలేదు.

మన ప్రాంతంలో శరదృతువంటే వెన్నెల, బతుకమ్మ, దసరా సెలవులు. ఆశ్వయుజ కార్తీకాలలో బట్టల బీరువా ముందు నిలబడి ఆలోచించవలసిన అగత్యం మనకు లేదు. ఢిల్లీ సంగతి వేరు. అక్కడ అక్టోబరు తొలి రోజులలో మధ్యాహ్నపు ఎండ 33 డిగ్రీల దాకా కాస్తుంది. నవంబరు ముగిసేసరికి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల సమీపానికి దిగుతుంది. నవంబరు నడుమ పగటికీ రాత్రికీ ఉండే అంతరం 15 డిగ్రీలు. పగలు పంకా తిరుగుతుంది, రాత్రి రజాయి దిగుతుంది. హిందీవారు ఈ లేత చలిని గులాబీ చలి అంటారు. పేరు అందంగా ఉన్నది కదా అని మేము మోసపోయాము.

ఆ అక్టోబరులో ఒకనాటి ఉదయం చల్లగా తోచి, మందపాటి చేతుల స్వెట్టర్లు వేసుకొని స్కూటరు మీద కార్యాలయానికి వెళ్లాము. పదకొండు గంటలకు చెమట పట్టింది. విప్పి కుర్చీలకు తగిలించాము. సాయంకాలం ఫైళ్ల హడావుడిలో వాటిని అక్కడే మరచి బయలుదేరాము. ఇంటికి చేరేసరికి ఇద్దరికీ ముక్కులు దిబ్బడలు వేశాయి, మూడు రోజుల జ్వరం. చలిని తట్టుకోలేక వచ్చిన జ్వరమని మేమనుకొన్నాము. మా సెక్షన్లో పదవీ విరమణకు చేరువలో ఉన్న కాన్పూరు పెద్దాయన ఒకరు మాత్రం నవ్వి, తెలివి లేక వచ్చిన జ్వరమన్నారు. "నడి చలికాలంలో మనిషి జాగ్రత్తగానే ఉంటాడు. చలి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఏమరుతాడు. దెబ్బ తగిలేది అప్పుడే" అని వారు హిందీలో చెప్పిన మాట మాకు ఇప్పటికీ గుర్తున్నది.

వారే మాకు పొరల విద్య నేర్పారు. ఒంటికి ఆనుకొని పలుచని నూలు బనియను, దాని పైన చొక్కా, చొక్కా మీద చేతులు లేని స్వెట్టరు, ఆ పైన సదరీ. మనవారు నెహ్రూ జాకెట్టు అనేదే సదరీ. ఒక్క మందపు బట్ట కంటె మూడు పలుచని బట్టలు ఎక్కువ వెచ్చదనమిస్తాయి. నిజానికి వెచ్చగా ఉంచేది బట్టల నడుమ కదలక నిలిచే గాలి. ఎండ ఎక్కిన కొద్దీ ఒక్కొక్కటి విప్పి సంచిలో వేసుకోవడం, పొద్దు వాలిన కొద్దీ ఒక్కొక్కటి తొడుక్కోవడం. ఆ పెద్దాయన కోటు తమ తండ్రిగారి కాలం నాటిది. కాన్పూరులో 1876లో వెలసిన లాల్ ఇమ్లీ మిల్లు బట్ట. లాల్ ఇమ్లీ అంటే ఎర్ర చింత. ఆ మిల్లు 1981లో ప్రభుత్వ రంగంలోకి వచ్చింది కనుక, మా సంస్థకు అది అన్నగారి వరుస అని వారు పరిహాసమాడేవారు. ఇప్పుడక్కడ ఉత్పత్తి ఆగి ఏళ్లయింది. ఆ కోటు మాత్రం మోచేతుల వద్ద తోలు అతుకులు వేయించుకొని, మేము చూసినంత కాలం చెక్కు చెదరలేదు.

చీర కట్టుకొనేవారికి పొరల విద్య అంత సులభం కాదు. చీర మీద కోటు వేస్తే కుచ్చిళ్లు ఉబ్బి, నడక తిరగలి తిరిగినట్టుగా ఉంటుంది. ఇరుగుపొరుగు స్త్రీలను చూసి నేర్చుకొన్నాము. రవిక బదులు పొడుగు చేతుల ఉన్ని బ్లౌజు, చెప్పులతో వేసుకొనడానికి బొటనవేలికి వేరుగా అర ఉన్న మేజోళ్లు, భుజాన మడిచి వేసుకొనే శాలువ. ఆ మేజోళ్లను మొదటిసారి చూసి మేము నవ్వుకొన్న మాట వాస్తవం. నవంబరు రెండవ వారానికి మూడు జతలు కొన్నాము.

ఇంతవరకు వేడుకగానే చెప్పుకొంటూ వచ్చాము. ఇక చెప్పవలసినది వేడుక కాదు.

ఆ ఏడాది దీపావళి వెళ్లిన వారానికి నాయన మా దగ్గరకు వచ్చారు. మాలో ఒకరికి తండ్రి, ఒకరికి మామ. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించినవారు. అప్పటి ఏపీ ఎక్స్‌ప్రెస్సు నుండి దిగినప్పుడు చేతిలో రేకు పెట్టె, భుజాన నల్లని గొంగడి. మనుమణ్ణి ఎత్తుకొని ఆ గొంగడిలోనే చుట్టుకొన్నారు. పిల్లవాడు గరుకుగా ఉన్నదని ఏడ్చాడు.

కాలనీలో అందరూ అధికారులు. సాయంకాలం పచ్చిక మీద కుర్చీలు వేసుకొని కూర్చొనేవారు. అక్కడికి ఆ గొంగడి కప్పుకొని రావద్దనీ, లోపల పెట్టమనీ నాయనతో చెప్పినది మాలో ఎవరన్నది ఇప్పుడు తేల్చుకోలేము. ఇద్దరమూ అనుకొన్నదే. "సరే బిడ్డా" అన్నారు ఆయన. మరునాడు గొంగడి సజ్జ మీదికి, పాత వార్తాపత్రికల కట్టల వెనక్కు చేరింది. దానికి బదులుగా ఒక కాలిబాట అంగడిలో నూట ఇరవై రూపాయలు పెట్టి ముదురు ఎరుపు స్వెట్టరు ఒకటి కొని తెచ్చాము. నిగనిగలాడుతూ మెత్తగా ఉన్నది. అదే వారంలో, వార్షిక సమావేశానికని, మాలో ఒకరు రెండు వేల పైచిలుకు ఖర్చుతో కోటు కుట్టించుకొన్నారు, మరొకరు తొమ్మిది వందలకు శాలువ తీసుకొన్నారు. ఆ లెక్క అప్పుడు మాకు తప్పుగా తోచలేదు. ఊరి మనిషికి స్వెట్టరు ఉంటే చాలుననుకొన్నాము.

నాయనకు నాలుగున్నరకే మెలకువ వచ్చేది. పాల బూత్ దాకా కిలోమీటరు దూరం వేగంగా నడచి, అక్కడ వరుసలో అరగంట నిలబడి తెచ్చేవారు. వద్దంటే వినేవారు కారు. నడిచేటప్పుడు చెమట పట్టేది, నిలబడినప్పుడు ఆ చెమట చల్లబడేది. ఇంటికి వచ్చి స్వెట్టరు విప్పితే చొక్కా వీపుకు అంటుకొని ఉండేది. మేము దానిని చూశాము. చూసి, "స్వెట్టరు బాగా వెచ్చగా ఉన్నట్టున్నది" అని సంతోషించాము.

నవంబరు చివరన జ్వరం వచ్చింది. నాలుగవ నాడు ఆయాసం. ఎక్స్‌రే తీసి న్యూమోనియా అన్నారు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. అది క్రిముల వల్ల వచ్చే వ్యాధి అనీ, వయస్సు, ఏళ్లుగా కాల్చిన చుట్టలు తోడైనాయనీ, స్వెట్టరును తప్పు పట్టనక్కర లేదనీ డాక్టరుగారు మాకు ఓపికగా చెప్పారు. వారు చెప్పినది సత్యమే. అయినా కుర్చీకి తగిలించిన ఆ ఎర్ర స్వెట్టరు వంక చూడడం మాకు కష్టంగానే ఉండేది.

మూడవ నాటి రాత్రి నాయన వణకుతూ కళ్లు తెరచి, "నా గొంగడేది?" అని అడిగారు. మరేమీ అడగలేదు. మాలో ఒకరు పది గంటల వేళ ఆటో పట్టుకొని ఇంటికి వెళ్లి, స్టూలు వేసుకొని సజ్జ ఎక్కి, పత్రికల కట్టలు కింద పడవేసి దానిని తెచ్చారు. గొర్రెల మంద వాసన వార్డంతా నిండింది. ఎవరైనా అభ్యంతర పెడతారేమోనని బిక్కచచ్చి నిలబడ్డాము. రాత్రి విధిలో ఉన్న వార్డుబాయి గఢ్వాల్ కొండలవాడు. దగ్గరకు వచ్చి గొంగడి అంచును రెండు వేళ్లతో నలిపి చూసి, తమ ఊళ్లోనూ ఇటువంటిదే ఉంటుందని చెప్పి, తానే నాయన పాదాల కిందికి మడిచి దోపాడు. ఆ రాత్రి ఆయన తెల్లవారే వరకు నిద్రపోయారు. మేము మేలుకొనే ఉన్నాము.

నాయన కోలుకొన్న తరువాత జనవరి అంతా ఎండలో మంచం వేసుకొని కూర్చొనేవారు, గొంగడి కప్పుకొనే. కాలనీలో ఎవరూ ఏమీ అనలేదు. పైగా పక్క క్వార్టరులోని పంజాబీ పెద్దావిడ వచ్చి అది ఎన్ని సేర్ల ఉన్ని అని అడిగింది. దుప్పటి మీద నల్లని వెంట్రుకలు రాలుతున్నవని మేమొకనాడు విసుక్కొంటే, "గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరుకుంటె ఎట్ల బిడ్డా?" అని నవ్వారు. ఆయన నవ్వడం చూసి చాలా రోజులయింది. అప్పుడే మేము మొదటిసారిగా ఆ గొంగడి సంగతి అడిగాము.

ఆయన చెప్పినదంతా రాయడానికి ఇక్కడ తావు చాలదు. దక్కనీ గొర్రెలకు ఏడాదికి రెండు సార్లు బొచ్చు కత్తిరిస్తారట. దానిని ఏకి, కదురు మీద స్త్రీలు వడికితే, కురుమలు గుంట మగ్గం మీద నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. లాల్ ఇమ్లీ పెద్దాయనకు ఈ సంగతి చెబితే, చింతకూ ఉన్నికీ పూర్వజన్మ బంధమున్నదని మురిసిపోయారు. అంత దట్టంగా నేసిన ఉన్ని చినుకును పైపైనే నిలిపి జార్చివేస్తుంది. కాపరి దానినే తల మీదుగా మడిచి వానకు గొడుగుగా, పరచి పక్కగా, చుట్టి మూటగా వాడుకొంటాడు. నాయన బడిలో చదువుకొన్న కురుమ పిల్లవాడొకడు పెద్దవాడై, తన చేతులతో నేసి తెచ్చి ఇచ్చిన గొంగడి అది. ఈ మాట మాకు అంతవరకు తెలియదు. మేము అడగనూ లేదు.

ఫిబ్రవరిలో, చలి పోయే రోజులలో, కన్నాట్ ప్లేసులోని ఖాదీ గ్రామోద్యోగ భవనానికి ఆయనను తీసుకొని వెళ్లాము. ఈసారి ఎంపిక ఆయనదే. సదరీలు పేర్చిన బల్ల ముందు నిలబడి ఆయన ధర చీటీ వైపు చూడనే లేదు. బట్టను పిడికిట నలిపి వదిలారు. ముడతలు తమంతట తాము విచ్చుకొనే వరకు చూశారు. గవాక్షం వైపు ఎత్తి, నేతలో వెలుతురు ఎంత కనబడుతున్నదో గమనించారు. గడ్డం కింద మెడకు రాసి చూశారు, చేతికి తెలియని గరుకు మెడకు తెలుస్తుందట. లోపలి వైపు తిప్పి, భుజాల కుట్టులో బట్ట ఎంత వదిలారో వేలితో కొలిచారు. చివరకు బొత్తాం పట్టుకొని మెల్లగా లాగి, దారం మెడ ఉన్నదా లేదా అని పరీక్షించారు. దారం మెడ అనగా బొత్తానికీ బట్టకూ నడుమ చుట్టిన చిన్న దారపు కాడ. అది లేకుంటే మందపు బట్టలో బొత్తాం పట్టదు, తొందరగా ఊడుతుంది. అంగడిలోని గుమాస్తా చేతులు కట్టుకొని చూస్తూ నిలబడ్డాడు. గోధుమ రంగు సదరీ ఒకటి, చేతులు లేని స్వెట్టరు ఒకటి ఆయన ఎంపిక చేశారు. అంతకు మునుపు మేము బట్ట కొన్నప్పుడు రంగు చూసేవారం, పేరు చూసేవారం, తరువాత ధర చూసేవారం.

ఇంటికి వచ్చాక నాయన సదరీ లోపలి అంచు నుండి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించి చూపారు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిదగా రాలింది. "ఇది గొర్రె" అన్నారు. మా పిల్లవాడు ఉత్సాహపడి ఎర్ర స్వెట్టరు తెచ్చి, దీనిదీ చూపమన్నాడు. మేము వద్దనబోయి ఊరుకొన్నాము. ఆ పోగు కరగి, గట్టి నల్లని పూసగా ముడుచుకొన్నది. నాయన పూసను పిల్లవాడి అరచేతిలో వేసి ఏమీ అనలేదు. మా వైపూ చూడలేదు.

ఆ తరువాత 2004లో హైదరాబాదు తిరిగి వచ్చే వరకు ప్రతి శరత్తులోనూ మేము బట్టలు కొంటూనే ఉన్నాము, కాని కళ్లు తెరచి కొన్నాము. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవ వంతు తేమను పీల్చుకొని కూడా తడిగా తోచదు. కాష్మిలాన్ అని మనం పిలిచే అక్రిలిక్ నూలు తేమను దాదాపు పీల్చుకోనే పీల్చుకోదు. కదలక కూర్చొనేవారికి అది చాలును. చెమటోడ్చి నడిచేవారికి చాలదు. టిబెటన్ల బజారులో ఏటా మేము చూసే ఒక పెద్దావిడ, అడగకముందే "ఇది ఉన్ని, ఇది కాదు" అని వేరు చేసి చూపేది. ఆ బజారులలో సరుకు చాలావరకు లుధియానా నుండి వచ్చేదేనని కూడా ఆమే చెప్పింది. స్వెట్టరు కొనేటప్పుడు మణికట్టు పట్టీని సాగదీసి వదలి, వెంటనే ముడుచుకొంటున్నదా అని చూడడం మాకు అలవాటయింది. సాగి అలాగే ఉంటే ఒక ఉతుకుకే దాని పని అయిపోయినట్టు. కోటు కొలతకు వెళ్లినప్పుడు స్వెట్టరు తొడుక్కొనే వెళ్లాలి. చొక్కా మీద కొలతలిచ్చిన ఆ రెండు వేల రూపాయల కోటు, చలి ముదిరాక స్వెట్టరు మీద బొత్తాలు పడక, సమావేశాలకు మాత్రమే పనికివచ్చింది.

ఇక శాలువల మూటతో కాలనీలకు వచ్చే కాశ్మీరు వర్తకుల మాట. వారిని హైదరాబాదువారూ ఎరుగుదురు. ఉంగరంలో నుండి దూర్చి చూపినంత మాత్రాన అది పష్మీనా కాదు. పలుచని కృత్రిమ పట్టు సైతం ఉంగరంలో దూరుతుంది. పష్మీనా లడఖ్ ఎత్తుల మీది మేకల లోపలి నూగు. దువ్వి తీస్తారు. కాశ్మీరు పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కనుక ఇప్పుడు ముద్ర అడిగి కొనవచ్చు. షాతూష్ అని ఎవరైనా గుసగుసగా చెబితే లేచి తలుపు వేసుకోవడమే. టిబెట్ జింకను చంపితేనే ఆ ఉన్ని వస్తుంది, దాని వర్తకం నేరం.

కొన్న ఉన్నిని నిలుపుకోవడానికి మాకు కుంకుడుకాయను మించినది కనబడలేదు. గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం కలిపి, రుద్దక, పిండక, తువాలులో చుట్టి నొక్కి, నీడన పరచి ఆరబెట్టాలి. తీగకు వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతుంది. మెడ మురికి, చెమట మరక ఉన్నచోటనే పురుగు మొదట కొరుకుతుంది కనుక, ఉతకకుండా పెట్టెలో పెట్టి నాఫ్తలీను ఉండలు ఎన్ని వేసినా నిష్ఫలం.

నాయన 2009లో కాలం చేశారు. గొంగడి, సదరీ మా వద్దనే ఉన్నాయి. మేమిద్దరమూ పదవీ విరమణ చేశాము. గొంగడిలో చుట్టితే ఏడ్చిన ఆ పిల్లవాడికి ఇప్పుడు ఉద్యోగరీత్యా ఢిల్లీకి బదిలీ అయింది, దసరా వెళ్లగానే చేరాలి. ఏమి కొనుక్కోవాలో ఫోనులో అడిగాడు. మేము డిసెంబరును గురించి చెప్పలేదు. సదరీని మేడ మీద ఎండకు వేశాము. వాడి భుజాలకు సరిపోతుందనే మా అంచనా. పై నుండి మూడవ బొత్తాం దారం మెడ అరిగి వదులైంది, వాడు వచ్చేలోగా కుట్టాలి.